అమ్మీ కూర్చున్న సీటు

2019 జనవరిలో ఒక జుమ్మా రోజు. నమాజ్ అయ్యి, అన్నం తిని, మా భాయ్‌జాన్ దమ్మామ్ నుంచి ఐఎంఓలో ఫోన్ చేశాడు. సలాం, ఖైరియత్ అయ్యాక కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు.

"మున్నీ, ఇగ బస్. వాపస్ వచ్చేస్తున్న. వచ్చేటప్పుడు గాడీ కూడా తెస్త. దానికి మన దగ్గర కానూన్ ఏం చెప్తదో జర చూసి పెట్టు. నువ్వు సదువుకున్నదానివి కదా."

మేం మాట్లాడుకునేది ఉర్దూలోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, అంతే. కానీ ఆ చివరి మాట ఏ జబాన్‌లో విన్నా నాకు గుచ్చుకునేదే. నేను చదువుకున్నది ఆయన పైసలతోనే. అబ్బా బోధన్ షక్కర్ నగర్‌లో నిజాం షుగర్స్ కార్మికుడు. ఫ్యాక్టరీలో జీతాలు లేటవడం మొదలయ్యాక, 1998లో భాయ్‌జాన్ ఎలక్ట్రీషియన్ వీసా మీద సౌదీకి పోయాడు. నా డిగ్రీ, బీఎడ్, షాదీ, అన్నీ ఆ రియాళ్లే. ఇంట్లో ఆయన పేరు మీద మాత్రం ఏం లేదు. ఇల్లు అబ్బా పేరు మీద ఉంది. ఉన్న ఒక్క ప్లాటూ భాబీ పేరు మీద. 21 ఏళ్లలో ఆయన సొంత పేరుతో ఉన్న ఒకే ఒక్క కాగజ్, దమ్మామ్‌లో ఆ గాడీ ఇస్తిమారా. ఇస్తిమారా అంటే మన దగ్గర ఆర్‌సీ లాంటిది.

గాడీ అంటే పెద్దదేం కాదు. 2013 మోడల్ తెల్ల కరోలా. 2015లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పిల్లల్ని స్కూల్లో దింపడానికి, సైట్‌కి పోవడానికి. ఆ గాడీ గురించి అంత పట్టింపు ఎందుకో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

2016 ఫిబ్రవరిలో అమ్మీ విజిట్ వీసా మీద వెళ్లింది. దమ్మామ్ నుంచి మక్కాకి సుమారు 1,250 కిలోమీటర్లు. భాబీ, పిల్లలు వెనక సీట్లో. అమ్మీ ముందు సీట్లో, భాయ్‌జాన్ పక్కన. తాయిఫ్ దారిలో అస్సైల్ అల్ కబీర్ మీఖాత్ దగ్గర ఆగి భాయ్‌జాన్ ఇహ్రామ్ కట్టుకున్నాడు, అమ్మీ నియ్యత్ చేసుకుంది. అక్కడి నుంచి కాబా కనబడే దాకా అమ్మీ ఒక్క మాట మాట్లాడలేదట, తస్బీ తిప్పుతూనే ఉందట. ఉమ్రా అయ్యి వాపస్ వచ్చేటప్పుడు ఎడారిలో ఒక పెట్రోల్ బంక్ దగ్గర చాయ్ తాగుతూ, "బేటా, ఈ గాడీ మన ఇంటి ముందల నిలబడితే ఎంత బాగుండు" అందట. బస్, అంతే. అమ్మీ ఎప్పుడూ ఏదీ అడిగిన మనిషి కాదు. అందుకని ఆ ఒక్క మాట ఆయనకి ఫర్మాన్ అయిపోయింది.

2017 జూలై నుంచి సౌదీలో ఫ్యామిలీ మీద పన్ను మొదలైంది. తలకి నెలకి 100 రియాళ్లు, మరుసటి ఏడు 200, తర్వాత 300, 2020కి 400. భాబీ, ముగ్గురు పిల్లలు కలిసి నలుగురు. 2018 జూలై నుంచి నెలకి 800 రియాళ్లు కట్టాలి, వాళ్లు అక్కడ ఊపిరి పీల్చుకున్నందుకు. ఆ జనవరిలోనే అమ్మీ ఇంతెకాల్ అయింది. భాయ్‌జాన్‌కి ఎగ్జిట్ రీఎంట్రీ కాగితం, టికెట్ దొరికి వచ్చేసరికి మూడో రోజు. జనాజా అందలేదు. జూన్‌లో స్కూళ్లు అయ్యాక భాబీనీ పిల్లల్నీ బోధన్ పంపేశాడు. ఆ తర్వాత ఆ గాడీలో ఆయన ఒక్కడే.

ఇదంతా మనసులో పెట్టుకుని కానూన్ చదవడానికి కూర్చున్నాను. కానూన్‌ని అలా చదవకూడదని తర్వాత తెలిసింది.

మొదట 1988 మోటారు వాహనాల చట్టం తీశాను. సౌదీలో బండ్లు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి. అందుకని స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. మన దగ్గర ఉల్టా. చట్టంలో 120వ సెక్షన్ ఈ సంగతే చెప్తుంది. ఎడమ స్టీరింగ్ ఉన్న బండికి, నిర్ణయించిన రకం సిగ్నల్ పరికరం పనిచేసే స్థితిలో లేకుంటే, దాన్ని బహిరంగ ప్రదేశంలో నడపకూడదు. ఇంతే. నాకు ఖుషీ అయిపోయింది. అంటే పరికరం ఉంటే నడపొచ్చనే కదా! అదే రాత్రి భాయ్‌జాన్‌కి వాయిస్ మెసేజ్ పెట్టాను. "ఉమ్మీద్ ఉంది భాయ్‌జాన్. ఇంకా చదువుతున్నా. చూద్దాం."

ఆ "చూద్దాం" అన్న మాట ఖరీదు 3,000 రియాళ్లు. దాని సంగతి తర్వాత.

నేను చేసిన గల్తీ ఏంటంటే, ఒక దర్వాజా దగ్గర రాసి ఉన్నది చదివి ఇల్లంతా చూశాననుకున్నాను. బయటి ముల్క్ నుంచి గాడీ రావాలంటే మూడు దర్వాజాలు దాటాలి. మొదటిది రేవు, అసలు గాడీని లోపలికి రానిస్తారా లేదా. రెండోది కస్టమ్స్, రానిస్తే ఎంత కట్టాలి. మూడోది ఆర్టీఏ ఆఫీసు, కట్టాక రోడ్డు మీద నడవనిస్తారా. నేను చదివిన 120వ సెక్షన్ మూడో దర్వాజాది. రెండు దర్వాజాలు ముందే ఉన్నాయని నాకు ఖయాలే రాలేదు.

మొదటి దర్వాజా షరతులు డీజీఎఫ్‌టీ వాళ్ల దిగుమతి విధానంలో, 87వ చాప్టర్ కింద ఉన్నాయి. ఫిబ్రవరి ఆఖర్లో దొరికాయి. ఒక్కొక్కటి నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

వాడిన గాడీ అయితే తయారైన తారీఖు నుంచి మూడేళ్లు దాటకూడదు. కొన్న తారీఖు కాదు, తయారైన తారీఖు. మన కరోలాకి అప్పటికే ఆరేళ్లు.

స్టీరింగ్, కంట్రోళ్లు కుడివైపే ఉండాలి. మనది ఎడమ.

స్పీడోమీటర్ కిలోమీటర్లలో ఉండాలి. ఇది ఉంది, అల్హందులిల్లాహ్.

హెడ్‌లైట్లు ఎడమవైపు నడిచే ట్రాఫిక్‌కి తగ్గట్టు ఉండాలి. లేవు.

దిగుమతి తర్వాత ఇంకో ఐదేళ్లు రోడ్డు మీద నడిచే స్థితిలో ఉంటుందని, సర్వీసు దొరుకుతుందని హామీ ఉండాలి. ఓడ ఎక్కక ముందే అక్కడ తనిఖీ చేయించి సర్టిఫికెట్ తేవాలి. ఇక్కడ దిగాక మళ్లీ పుణేలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థలో పరీక్ష చేయించాలి. వాడిన గాడీలు ముంబై రేవులో తప్ప ఎక్కడా దిగకూడదు. కొత్త గాడీకి రేవులు ఎక్కువే.

హామీ, షరతు, దాఖలు, మంజూరు, జప్తు, వారసు. కానూన్ మాటలన్నీ మా ఇంటి మాటలే. అయినా అవి మా ఇంటి మనిషి మాట వినేలా లేవు.

ఒక చోట మాత్రం మనసు ఆగింది. రెండేళ్లు ఆగకుండా పర్దేస్‌లో ఉండి, శాశ్వతంగా ఉండిపోవడానికి వాపస్ వచ్చేవాళ్ల గురించి ప్రత్యేకంగా రాసి ఉంది. గాడీ కనీసం ఏడాది వాళ్ల స్వాధీనంలో ఉండి ఉండాలని. రెండేళ్లు ఏంటి, మా వాడు 21 ఏళ్లు ఉన్నాడు! ఏడాది ఏంటి, నాలుగేళ్లు ఆ గాడీ తుడుచుకున్నాడు! కానీ ఆ దారిలో వచ్చినా స్టీరింగ్ కుడివైపే ఉండాలి. గల్ఫ్ ముల్కుల్లో దొరికే గాడీల స్టీరింగ్ ఎడమవైపు. అంటే మన జగిత్యాల వాళ్లూ నిజామాబాద్ వాళ్లూ కడప వాళ్లూ వెళ్లే చోట్ల నుంచి గాడీ తెచ్చుకునే దారి, మొదటి దర్వాజా దగ్గరే బంద్.

రెండో దర్వాజా కూడా చూశాను, ఎందుకో తెలియదు. బహుశా నాకే నచ్చజెప్పుకోవడానికి. ఇంటి సామానుకి ఇచ్చే మాఫీ గాడీకి లేదు. మోటారు వాహనం బ్యాగేజీ కిందికి రాదు. ఫ్రిజ్ రావచ్చు, వాషింగ్ మెషీన్ రావచ్చు, ఏడాది పైన అక్కడ ఉన్న మగవాళ్లు 20 గ్రాములు, ఆడవాళ్లు 40 గ్రాములు నగ తేవచ్చు. ఆ గ్రాముల లెక్క గల్ఫ్ ఇళ్లల్లో చిన్న పిల్లలకి కూడా తెలుసు. గాడీ లెక్క ఎవరికీ తెలియదు.

2019లో వాడిన కారు మీద మూల సుంకం 125 శాతం ఉండేది, 2013 బడ్జెట్ నుంచి. ఆ సుంకం మీద అప్పట్లో పది శాతం సర్‌ఛార్జి ఉండేది. మొత్తం మీద మళ్లీ ఐజీఎస్టీ 28 శాతం, దాని పక్కన సెస్ ఉండేవి. ధర అంటే మనం కొన్న ధర కాదు, కొత్తగా ఉన్నప్పటి ధరలో తరుగు తీసి, ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలిపి వాళ్లు కట్టే ధర. మా గాడీకి ఐదు లక్షలు అనుకుని హిసాబ్ వేశాను. ధరా పన్నులూ కలిపి 17 లక్షలు దాటింది. ఆ పైసలతో బోధన్‌లో కొత్త కార్లు రెండు కొనొచ్చు.

మూడో దర్వాజా అన్నిటికన్నా తేలిక. ఫారం 20, కస్టమ్స్ క్లియరెన్స్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్, లైఫ్ ట్యాక్స్. ముందు రెండూ దాటినవాడికి అది పెళ్లి తర్వాత వలీమా లాంటిది.

ఫిబ్రవరి ఆఖరికే నాకు ఇదంతా తెలుసు. చెప్పింది మాత్రం జూన్‌లో.

ఎందుకు చెప్పలేదని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. ఫోన్ చేసిన ప్రతిసారీ "ఏమైంది మున్నీ" అనేవాడు. "ఇంకా ఒకరిని అడగాలి భాయ్‌జాన్" అనేదాన్ని. మార్చిలో పరీక్షలు అన్నాను. ఏప్రిల్‌లో వాల్యుయేషన్ అన్నాను. మేలో రంజాన్ అన్నాను. నన్ను చదివించిన మనిషికి, ఆ చదువుతో నేను చేసే మొదటి పని "కాదు" అని చెప్పడమా? దాన్ని ప్రేమ అనుకున్నాను. బుజ్‌దిల్‌తనం అని ఇప్పుడు తెలుసు.

నేను చెప్పని చోట ఇంకొకడు చెప్పాడు. దమ్మామ్‌లో కార్గో పని చేసే ఒకాయన. "స్టీరింగ్ కుడికి మార్పిస్త, ముంబైలో మనోళ్లు ఉన్నరు, మూడు వేలు అడ్వాన్స్ ఇయ్యి చాలు" అన్నాడట. నేను నాలుగు నెలలు "చూద్దాం" అంటుంటే, కాదు అన్నవాళ్లు ఎవరూ లేరు కాబట్టి, భాయ్‌జాన్ ఇచ్చేశాడు. 3,000 రియాళ్లంటే అప్పటి రేటుకి 55 వేల రూపాయలు. ఈద్ తర్వాత ఫోన్ చేసి ఖుషీగా చెప్పాడు.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. నోట్‌బుక్ తెచ్చుకుని మొదటి షరతు నుంచి చివరి దాకా చదివాను. స్టీరింగ్ మార్చినా గాడీ వయసు మారదన్నాను. బండిని కంపెనీ తయారుచేసిన తీరుకి విరుద్ధంగా మార్చకూడదని ఆ జనవరిలోనే మన సుప్రీంకోర్టు చెప్పిందన్నాను. ఆయన మధ్యలో ఆపాడు.

"స్టీరింగ్ కుడికి మారిస్తే యాడికొస్తది?"

"కుడి సీటు ముందుకి."

"అది అమ్మీ కూసున్న సీటు కదా."

నేనేం అనలేదు. ఆయనే మళ్లీ, "ఆ ఖయాలే రాలే నాకు" అన్నాడు.

తర్వాత చాలాసేపు వాదించాడు. వాదన కాదు, తాపం. "మొన్న హైదరాబాద్‌లో ఎవడో తెల్లోడు ఎడమ స్టీరింగ్ బండి మీద తిరుగుతుండని వీడియో చూసిన. వానికెట్ల ఇచ్చిన్రు?" అన్నాడు. దానికీ జవాబు చదివి పెట్టుకున్నాను. అది కార్నె అనే కాగితం మీద వచ్చిన బండి. ముల్కులన్నీ బండి మీద తిరిగే ముసాఫిర్లకి వాళ్ల ఆటోమొబైల్ క్లబ్బులు హామీ ఉండి ఇస్తాయి. సుంకం కట్టక్కర్లేదు, కానీ మన దేశంలో ఆరు నెలలే ఉండాలి, మళ్లీ బయటికి తీసుకుపోవాలి.

"అంటే మెహమాన్ తెచ్చుకోవచ్చు. ఇంటోడు తెచ్చుకోవద్దు."

"అట్లనే ఉంది భాయ్‌జాన్."

"నిజాం సాబ్‌కి ఎవరడిగిన్రు ఈ కాగజ్‌లన్నీ?" అన్నాడు. చిన్నప్పుడు అబ్బా మమ్మల్ని చౌమహల్లా ప్యాలెస్ వైపు తిప్పుకొచ్చేవాడు. ఆ తర్వాత ఎప్పుడో ఛుట్టీకి వచ్చినప్పుడు భాయ్‌జాన్, నేను లోపలికి పోయి చూశాం, అక్కడి పసుపు పచ్చ రోల్స్ రాయిస్‌ని. మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఆర్డర్ ఇచ్చిన బండి. వచ్చేసరికి ఆయన లేడు. ఈ చివరి సంగతి భాయ్‌జాన్‌కి గుర్తు చేయలేదు.

ఆయన్ని చివరికి ఒప్పించింది నోట్‌బుక్ కాదు, హెడ్‌లైట్. ఎలక్ట్రీషియన్ కదా. ఎడమ స్టీరింగ్ బండి హెడ్‌లైట్ వెలుతురు కుడివైపు కొంచెం పైకి లేస్తుంది, కుడి అంచున నడిచేవాళ్లు కనబడాలని. అదే బండి మన రోడ్డు మీదికి వస్తే, కుడివైపు ఎదురుగా వచ్చేవాడి కళ్లు ఉంటాయి. పైగా ముందు లారీని దాటాలంటే ఎడమ సీట్లో ఉన్నవాడికి ఎదురు రోడ్డే కనబడదు. పక్కన కూర్చున్నవాళ్లు తొంగి చూసి చెప్పాలి. ఇది చెప్పగానే అవతల చప్పుడు లేదు.

"హౌ," అన్నాడు కాసేపటికి. "సచ్ బాత్. బోధన్ రోడ్డు మీద రాత్రి పూట టీవీఎస్ మీద వచ్చేటోని కండ్లల్ల కొడ్తది." ఇంకొంచెం ఆగి, "ఇది జనవరిలనే చెప్పొచ్చు కదరా" అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

గాడీ అమ్మక తప్పని ఇంకో కారణం కూడా ఉంది. సౌదీలో పేరు మీద బండి ఉన్నంత కాలం ఖురూజ్ నిహాయీ, అంటే ఫైనల్ ఎగ్జిట్ ఇవ్వరు. ఇక్కడి కానూన్ గాడీని రానివ్వదు. అక్కడి కానూన్ గాడీ ఉంటే మనిషిని రానివ్వదు. ఆగస్టులో తనతో పనిచేసే ఒక మలయాళీ అతని పేరు మీదికి మార్చేశాడు. అతని భార్య, చిన్న పాప అక్కడే ఉన్నారట. కార్గో ఆయన దగ్గర అడ్వాన్స్ వాపస్ రాలేదు. సగం నేనిస్తానంటే భాయ్‌జాన్ వినలేదు. "నీ చదువు ఖర్చులో రాసుకుంటలే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ ఆ హిసాబ్ నాది.

సెప్టెంబర్‌లో వచ్చాడు. శంషాబాద్‌లో మేం బయట నిలబడ్డాం, ఆయన రావడం లేటయింది. కస్టమ్స్ వాళ్లు ఒక కార్టన్ విప్పించారట. అందులో దుప్పట్లు, ఖజూర్, జంజం, పిల్లలకి బొమ్మలు, వాటి అడుగున ఒక కారు సీటు కవరు. ఒక్కటే. ఆఫీసర్ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటి, కారేది?" అన్నాడట.

"గాడీ రాలే సాబ్," అన్నాడట మావాడు. ఆ ఆఫీసర్ ఇంకేం అడగలేదట. కవరు తనే మడిచి లోపల పెట్టాడట. దాని మీద సుంకం లేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మొన్న మా స్కూల్లో ఒక పిల్ల తండ్రి రియాద్ నుంచి గాడీ తెస్తున్నాడని ఖుషీగా చెప్పింది. అదే రోజు వాళ్ల అమ్మని పిలిపించి మాట్లాడాను. మీ ఇళ్లల్లో కూడా ఎవరికైనా ఈ ఉమ్మీద్ ఉంటే, ఎవరికీ ఒక్క రియాల్ ఇవ్వక ముందు మూడు సవాళ్లు అడగండి. స్టీరింగ్ ఏ వైపు? తయారై ఎన్నేళ్లు? కస్టమ్స్ కట్టే ధర మీద అన్ని పన్నులూ కలిపి ఎంత? ఆ శాతాలు బడ్జెట్‌లలో మారుతుంటాయి, ఏ సాల్ లెక్క ఆ సాలే చూసుకోండి. మొదటి సవాల్‌కి జవాబు "ఎడమ" అయితే మిగతా రెండు అడిగే జరూరత్ కూడా లేదు. ఈ సంగతి మీకు తెలిసి, చెప్పాల్సిన మనిషి మీకు చాలా ప్యారా అయితే, ఆ రోజే చెప్పండి. మనం చెప్పడానికి మంచి టైమ్ కోసం చూస్తుంటే, అబద్ధం చెప్పేవాడు ముందే చేరిపోతాడు.

భాయ్‌జాన్ నిజామాబాద్‌లో ఒక సెకండ్ హ్యాండ్ వ్యాగనార్ కొన్నాడు. తన పేరు మీదే. మొదటి నెలంతా తాళం చెవి తీసుకుని ఎడమ తలుపు దగ్గరికే పోయేవాడు. తలుపు తీసి, కూర్చుని, చేతులు ముందుకి చాపి, స్టీరింగ్ లేదని చూసి, దిగేవాడు. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు.

తెచ్చిన కవరు వ్యాగనార్ సీటుకి సరిపోలేదు, వెడల్పు ఎక్కువ. భాబీ దాన్ని రెండు వైపులా కత్తిరించి, కుట్టి, ఎడమ సీటుకి తొడిగింది. మన దగ్గర పక్కన కూర్చునేవాళ్లది అదే కదా. మొదటిసారి బండి తీసిన రోజు ఎవరు కూర్చోవాలో తెలియక అందరం నిలబడ్డాం. "నువ్వు కూసో మున్నీ," అన్నాడు భాయ్‌జాన్. ఖబ్రస్తాన్ దాకా వెళ్లొచ్చాం.